ఫిరంగి కింద గది

ఇరవై తొమ్మిదేళ్లు నేను చీమకుర్తి గ్రానైటు క్వారీల్లో మందు పేల్చాను. మందంటే రాతిని చీల్చే మందు. రాతికి ఎక్కడ బెజ్జం వేయాలో చూపించడం, అందులో ఎంత మందు కూరాలో చెప్పడం, అందరినీ దూరంగా పంపి విజిల్ ఊదడం, వత్తి ముట్టించడం నా పని. ఆ పనిలోనే కుడి చెవి పోయింది. అందుకే మా ఆవిడ రత్నం ఎప్పుడూ నాకు ఎడమ పక్కనే నడుస్తుంది. మొన్న డిసెంబరులో వానలు తగ్గాక మేమిద్దరం మద్రాసు పోయి చూసివచ్చినదాన్ని నేను మందు పనివాడి కళ్లతోనే చూశాను. చదువుకున్నవాళ్లు చూస్తే ఇంకోలా రాస్తారేమో. బోర్డుల మీద చెన్నై అనే ఉంటుంది గానీ మా నోటికి అది మద్రాసే.

కోరిక పాతదే. వయసులో ఉన్నప్పుడు ఒకసారి రాతి దిమ్మెల లోడు వెంట లారీలో అక్కడి హార్బరుకు పోయాను. గేటు ముందు లారీలు బారులు తీరి ఉన్నాయి. డ్రైవరు రోడ్డు పక్కన పిచ్చిచెట్లు మొలిచిన ఒక దిబ్బను చూపించి, "ఒకప్పుడు సముద్రంలోకి పేల్చే ఫిరంగులు అక్కడుండేవంట" అన్నాడు. దిగి చూద్దామనుకునేలోగా లైను కదిలింది. మళ్లీ పోవడానికి ఇన్నేళ్లు పట్టింది. పని మానేశాక రత్నంతో ఈ మాట అంటే, "దిబ్బ చూడటానికి మద్రాసు పోతామా?" అంది. మళ్లీ తనే, "టి. నగర్ చీరల కొట్లకు కూడా పోదామంటే వస్తా" అంది.

సముద్రం లేని కోట

మొదటిరోజు కంపెనీ దొరలు కట్టిన పెద్దకోటకు పోయాం. అందులో ఇప్పుడు సర్కారు ఆఫీసులున్నాయి. గేటు దగ్గర పోలీసాయన మా సంచి వెతికి, గోంగూర పచ్చడి సీసా మూత తీసి వాసన చూశాడు. "ఆంధ్రావా?" అని నవ్వి, మూత గట్టిగా బిగించి తిరిగిచ్చాడు.

కోటగోడ ముందు చాలాసేపు నిలబడిపోయాను. అది నిటారుగా లేదు. కొంచెం వెనక్కి వాలి ఉంది. గుండు వచ్చి తగిలితే జోరు తగ్గి పక్కకు జారిపోవాలని అలా కట్టారు. బయట ఇటుక, లోపల ఇటుక, నడుమ మట్టి. మట్టి దెబ్బను మింగేస్తుంది. మా క్వారీలో ఒక పేలుడుకు కొండ ముఖం నుంచి ఇల్లంత దిమ్మె విడివడి ముందుకు జరిగేది. అలాంటి దెబ్బలు రోజంతా పడతాయనుకుని ఈ గోడ కట్టినవాడు కట్టాడు. నేను బతుకంతా కొట్టేవాడినే. కాచుకునేవాడి తెలివి ఎంతుంటుందో ఆరోజే చూశాను.

"అంతా బాగానే ఉంది, సముద్రం యాడుంది?" అంది రత్నం.

నిజమే. గోడ తూర్పుకే చూస్తోంది, కానీ ఎదురుగా రోడ్డు, బస్సులు, ఆ వెనక హార్బరు క్రేనులు. కోట కట్టిన రోజుల్లో అలలు గోడ దగ్గరిదాకా వచ్చేవట. సముద్రం కోసం కట్టిన కోటను వదిలి సముద్రమే వెళ్లిపోయింది. అంత గోడ మాత్రం ఇంకా ఆ దిక్కుకే చూస్తూ నిలబడి ఉంది.

మధ్యాహ్నం బీచ్ స్టేషను దగ్గర బండి మీద అత్తో తిన్నాం. బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబాల తిండి అది. సేమ్యా కంటే లావుపాటి నూడుల్సులో క్యాబేజీ, వేయించిన ఉల్లి, చింతపండు రసం, కారం వేసి చేత్తోనే కలిపి ఇస్తారు. ప్లేటు ఎనభై రూపాయలు. అరటిబోదె సూపు పక్కన ఊరికే పోస్తారు, ఎన్నిసార్లడిగినా పోస్తారు. మా ఊళ్లో బండి దగ్గర రెండోసారి చట్నీ అడిగితేనే మొహం అదోలా పెడతారు. రత్నం మొదట ముక్కు చిట్లించింది, తర్వాత నా ప్లేట్లోది కూడా తినేసింది.

పాత బ్యాటరీ

రెండోరోజు ఆటో ఎక్కి, "రాయపురం దగ్గర పాత బ్యాటరీ ఉందంట, అక్కడికి పోవాలి" అన్నాను. సముద్రపు ఒడ్డున ఫిరంగులు వరసగా నిలబెట్టిన చోటును బ్యాటరీ అంటారని ముందే కనుక్కున్నాను. ఆటో ఆయన వచ్చీరాని తెలుగులో సరేనన్నాడు. ఇరవై నిమిషాలు సందులన్నీ తిప్పి ఒక కొట్టు ముందు దింపాడు. కొట్టు నిండా కార్ల బ్యాటరీలు, లారీల బ్యాటరీలు. పాత బ్యాటరీలు కొనే చోటు అది.

ఆటో పోయింది. కొట్టాయన మా చేతుల వైపు చూశాడు, బ్యాటరీ ఏదని. నేను ఫిరంగి పేలినట్టు చేతులతో చూపించాను. బ్యాటరీ పేలిందనుకుని ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. రత్నం అరుగు మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది.

అప్పుడు పక్కింటి గుమ్మంలో పేపరు చదువుకుంటున్న పెద్దావిడ కళ్లజోడు తీసి, "ఆంధ్రా నుంచా వచ్చుండారు?" అంది.

ఆమె పేరు కోమలమ్మ. డెబ్బై దాటాయి. వాళ్లది పప్పుల టోకు వ్యాపారం చేసిన కుటుంబం, ఎన్నో తరాలుగా ఆ వీధిలోనే ఉన్నారు. మా పేర్లు అడక్కముందే కాఫీ తెచ్చింది. మా వైపు ముందు ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగి, తర్వాత మంచినీళ్లు ఇస్తారు. అక్కడ ముందు కాఫీ.

"మా వాళ్లు ఈడికొచ్చి ఎన్ని తరాలయిందో మాకే తెలీదు" అంది. "నేను తెలుగులో అడిగితే నా మనవరాలు తమిళంలో దానే బదులు చెప్తుంది. ఎవురన్నా తెలుగు మాట్లాడితే నాకు పేపరు మీద కన్ను నిలవదు. సరి, మీకేం కావాల?"

చెప్పాను. ఆమె నవ్వలేదు. "దానికోసమా అంత దూరం నుంచి వచ్చినారు? కొంజెం ఉండండి, చీర మార్చుకుని వస్తాను" అని లోపలికి పోయింది.

మేడ మీద తోట

ముందు ఊరిగోడ చూపించింది. మైసూరు గుర్రపుదండు భయానికి కంపెనీ దొరలు ఊరి చుట్టూ కట్టించిన గోడలో మిగిలిన ముక్క అది. దాని మీదనే ఇప్పుడు పార్కు ఉంది. ఆ పేటవాళ్లు మాడి పూంగా అంటారు, మేడ మీద తోట అన్నమాట. మెట్లెక్కి పైకి పోతే కింద సందులన్నీ కనిపిస్తాయి. కరెంటు తీగల కిందుగా మేకలు, తోపుడుబండ్లు, స్కూటర్లు పోతున్నాయి. ఒక గోడ మీద చెట్లు పెరిగి, బెంచీలు వేసి, మనుషులు వాకింగు చేస్తుండటం నేనెక్కడా చూడలేదు.

గోడ మీద కూర్చుని పది రూపాయల శనగల సుండల్ తింటూ కోమలమ్మ ఒక సంగతి చెప్పింది.

"ఈడ గట్టి మనిషిని వాడొక ఎమ్డన్ అంటాం. అది మనిషి పేరు కాదు. జర్మనీవాళ్ల యుద్ధ ఓడ. మొదటి యుద్ధంలో వచ్చి హార్బరు దగ్గర నూనె ట్యాంకులు కాల్చేసి పొయ్యింది. మా అవ్వ అప్పుడు చిన్నపిల్ల. ఊరు ఊరంతా బండ్లు కట్టుకుని పారిపొయ్యినారంట. వాళ్ల నాయన మాత్రం కొట్టు తాళం చేత్తో పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడంట. యుద్ధ ఓడకు తాళం ఏం అడ్డం? ఆయనకది తోచలే."

"ఒడ్డున ఉన్న ఫిరంగులు బదులు కొట్టలేదా?" అన్నాను.

"కొట్టినాయంటారు. తగల్లేదంటారు. అవి ఉండిన చోటుకే మిమ్మల్ని తీసుకుపోతా ఉండేది."

అప్పడాలు ఎండిన రాళ్లు

అక్కడికి పోయే దారిలో సముద్రం కనిపించింది. నాకు తెలిసిన ఒంగోలు పక్క సముద్రం కాదది. ఇసుక లేదు. రోడ్డు పక్కన పోసిన పెద్దపెద్ద నల్లరాళ్ల మీద నీళ్లు వచ్చి గుద్దుకుంటున్నాయి. ఒక్కో అలకు కాళ్ల కింద రోడ్డు అదురుతోంది.

"హార్బరు కట్టినాక సముద్రం ఆ పక్క ఇసక పోసింది, ఈ పక్క నేల తినేసింది" అంది కోమలమ్మ. "తిరువొత్తియూరు దాకా ఎన్ని ఇండ్లు పొయ్యినాయో. ఆడ కోటకు దూరం పొయ్యింది, ఈడ మా మీదికి వచ్చింది."

బ్యాటరీ పేరు బస్సు స్టాపుకు ఇంకా ఉంది. కోట మాత్రం లేదు. నేను వయసులో చూసిన దిబ్బ కూడా లేదు. నా మనసు చివుక్కుమంది. కోమలమ్మ ఆగకుండా ఒక పాత క్వార్టర్ల గేటు తీసి లోపలికి నడిచింది. అక్కడ ఆమె స్నేహితురాలు ఉంటుంది. పెరట్లో, ఎండలో, ఆ స్నేహితురాలు నేల మీద పాత చీర పరిచి అప్పడాలు ఎండబెడుతోంది.

చీర అంచు కింద రాయి కనిపించింది. మోకాళ్ల మీద కూర్చున్నాను.

తెల్లగా పాలిపోయిన గ్రానైటు. ఒక్కో రాయి మంచమంత ఉంది. వంపుగా చెక్కి, ఒకదానికొకటి గోరు కూడా దూరనంత దగ్గరగా పేర్చారు. అన్నీ కలిసి పెద్ద అర్ధచంద్రంలా ఉన్నాయి. వాటి నడినెత్తిన వంపు పొడవునా ఇనుప పట్టీ, తుప్పు పట్టి రాతిలోకి కరిగిపోయి ఉంది. రాతి పక్కల ఉలి గాట్లు ఇంకా తెలుస్తున్నాయి. మిషన్లు లేవు, కేబుల్ రంపం లేదు. ఆ వంపును ఎవరో సుత్తీ ఉలీ పట్టుకుని, కంటితో చూసుకుంటూ తీశారు. నా బతుకులో నేను విడదీసిన రాయి కొన్ని ఓడలకు సరిపోతుంది. అందులో ఒక్కదానికీ ఇంత పని జరగడం చూడలేదు.

ఆ పట్టీ మీద ఫిరంగి చక్రాలు తిరిగేవి. వంపుకు నడిమధ్యన పాతిన రాతిలో చేయి పట్టేంత గుండ్రటి బెజ్జం ఉంది, ఫిరంగి ఇరుసు అక్కడ. నేను ఆ రాయి మీద నిలబడి రెండు చేతులూ చాచి, పట్టీ వెంట నెమ్మదిగా తిరిగాను. కుడిచేతి కొసన హార్బరు. ఎడమచేతి కొసన తిరువొత్తియూరు పొగగొట్టాలు. నడుమనున్న సముద్రమంతా ఆ రెండు చేతుల మధ్యన పట్టింది. ఓడ ఎటునుంచి వచ్చినా ఫిరంగి దానివైపు తిరుగుతుంది. ఒళ్లు జలదరించింది.

"ఏమయ్యా, అప్పడాలు తొక్కుతున్నావు" అంది రత్నం.

ఆ స్నేహితురాలు ఏమీ అనుకోలేదు. నాలుగు అప్పడాలు కాల్చి తెచ్చి పెట్టింది. అవి తింటూ నేను చుట్టూ చూశాను. ఫిరంగి ఉన్నచోట మందు కూడా ఉండాలి. ఎదురుగా పెట్టరు, దూరంగానూ పెట్టరు. వెనక పక్కన, నేల కింద, మనిషి పరుగెత్తుకు వచ్చేంత దగ్గరలో పెడతారు. నేనైతే అక్కడే పెడతాను అనుకుంటూ వెనక్కి తిరిగి చూశాను. సరిగ్గా అక్కడే వాన నీటి కాలువ కోసం తవ్వుతున్నారు.

నిలబడ్డ ఇటుకలు

ఛాతీ లోతు దాటిన కందకం. పైన పచ్చరంగు ప్రొక్లెయిన్ ఇంజను హోరుతో నిలబడి ఉంది. అడుగున ఒకతను గునపంతో పక్కగోడను పొడుస్తున్నాడు, పైపు పట్టేందుకు. మట్టి రాలిపోయి లోపల ఇటుక కనిపిస్తోంది. చూడగానే నోట్లో అప్పడం అలాగే ఉండిపోయింది. గోడలో ఇటుక పడుకుని ఉంటుంది. ఇక్కడ ఇటుకలు నిలబడి, ఒకదానికొకటి ఆనుకుని, పైకి వంగుతూ పోతున్నాయి. అలా నిలబెట్టారంటే అది గోడ కాదు, కమాను. కమాను పాదాన్ని అతను పెకలిస్తున్నాడు.

చెప్పులు విప్పి కందకం అంచున నిలబడ్డాను. చెవి పోయాక రాయి బోలుదో గట్టిదో అరికాళ్లతోనే తెలుసుకునేవాణ్ని. అతను గునపం వేసిన ప్రతిసారీ నేల కింద నుంచి డోలు లాంటి అదురు వచ్చింది.

"ఆపండి" అన్నాను.

సూపర్వైజరు ముప్పై ఏళ్లవాడు, తమిళాయన. తల తిప్పకుండానే, "తళ్ళి నిల్లుంగ సార్" అన్నాడు, దూరంగా ఉండమని. నేను మళ్లీ చెప్పాను. ఆయనకు తెలుగు రాదు, నాకు తమిళం రాదు. కోమలమ్మ మధ్యలో నిలబడి నా మాట ఆయనకు, ఆయన మాట నాకు చెబుతోంది.

"ఈయన ఇంజనీరా అని అడుగుతా ఉండాడు" అంది.

"కాదని చెప్పండి. రాళ్లు పేల్చే పని చేశానని చెప్పండి."

చెప్పింది. ఆయన నవ్వాడు. ఆ నవ్వు అన్యాయమేం కాదు. వానాకాలం పని, వెనకబడి ఉంటుంది. ఎవరో పైవూరి ముసలాయన అప్పడం పట్టుకుని వచ్చి ఆపమంటే ఎవరాపుతారు? పైగా నేను పొరపాటు పడ్డ రోజులు లేకపోలేదు. ఒకసారి బోలుందని క్వారీలో పని ఆపించాను. పొద్దుగూకేదాకా చూస్తే బోలు లేదు. ఓనరు నలుగురిలో అన్న మాటలు ఇప్పటికీ మర్చిపోలేదు. అక్కడ నిలబడి అదే తలుచుకున్నాను. ఈసారి కూడా తప్పయితే?

రత్నం చొక్కా పట్టి లాగింది. "ఊరు గాని ఊరు. రాయ్యా, పోదాం."

నేను కందకం అంచున కూర్చుని కాళ్లు లోపలికి వేలాడేశాను. ప్రొక్లెయిన్ డ్రైవరు ఇంజను ఆపేశాడు. అంతా నిశ్శబ్దమయ్యింది. అప్పుడు గోతిలోంచి మాట వచ్చింది.

"ఏటి బాబూ, ఏటంతన్నారు?"

తెలుగు. నేను ఇంతసేపూ పైవాళ్లతో వాదించాను గానీ, గోతిలో ఉన్నతను మనవాడేమోనని ఒక్కసారి కూడా అనుకోలేదు. పేరు అప్పన్న, పలాస దగ్గర ఊరు. నలభై ఏళ్లుంటాయి.

"అప్పన్నా, ఆ ఇటుకలు చూడు. పడుకున్నాయా, నిలబడ్డాయా?"

అతను చేత్తో తడిమాడు. "నిలబడున్నాయి. నానూ సూసినాను. ఎందుకలాగున్నాయో తెలక కొట్టీస్తన్నాను."

"దాని వెనక గది ఉంది. నువ్వు తీసేది దాని కాలు. అది జారితే పైనున్నదంతా నీ మీదికే వస్తుంది. నా మాట తప్పు కావచ్చు. అయినా ముందు పైకి రా."

అప్పన్న సూపర్వైజరు వైపు చూశాడు, ఇటుకల వైపు చూశాడు. గునపాన్ని అక్కడే మట్టిలో గుచ్చి నిచ్చెనెక్కాడు. సూపర్వైజరు ఏదో గట్టిగా అన్నాడు. కోమలమ్మ దాన్ని నాకు చెప్పలేదు.

"టీ తాగొస్తానండి" అన్నాడు అప్పన్న ఆయనతో, తెలుగులోనే.

సూపర్వైజరు విసుక్కుని, నన్ను లేపించి, ప్రొక్లెయిన్ తొట్టెతో ఆ పక్కగోడను కాస్త గీరమన్నాడు. డ్రైవరు గీరాడు. ఏమీ కాలేదు. అందరూ నా వైపు చూశారు. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. రెండోసారి తొట్టె తగలకముందే, అసలు ఏదీ తగలకుండానే, పక్కగోడ ముందుకు వంగి, తొందర లేనట్టుగా కందకంలోకి వచ్చేసింది. లారీ లోడంత మట్టి, ఇటుక. దుమ్ము లేచి మా కళ్లలో పడింది.

దుమ్ము తగ్గాక కందకం సగం నిండి ఉంది. గుచ్చిన గునపం ఎక్కడా కనిపించలేదు.

"నా గునపం పోనాది" అన్నాడు అప్పన్న. మళ్లీ కాసేపటికి, "నా గునపం" అన్నాడు. కోమలమ్మ అతని వీపు మీద చేయి వేసి అరుగు మీద కూర్చోబెట్టింది. సూపర్వైజరు సిమెంటు బస్తా మీద కూలబడి రెండు చేతులతో తల పట్టుకున్నాడు. తర్వాత లేచి వచ్చి మంచినీళ్ల సీసా ముందు అప్పన్నకు, తర్వాత నాకు ఇచ్చాడు.

పడిపోయినచోట, పైభాగాన మనిషి దూరేంత నల్లటి కంత ఏర్పడింది. అందులోంచి చల్లటి గాలి వచ్చి నా పాదాలకు తగిలింది. ఎన్నేళ్లుగా మూసుకున్న గాలో అది. అప్పన్న జేబులోంచి బీడీ తీస్తుంటే నేను అతని చేయి పట్టుకున్నాను. లోపల ఏముందో మాకెవరికీ తెలియదు. మందు గది ముందు అగ్గిపుల్ల గీయనివ్వడం నా వల్ల కాదు.

పది నిమిషాలు

మర్నాడు టి. నగర్ పోలేదు. రత్నమే వద్దంది.

సూపర్వైజరు కబురు పెట్టడంతో పొద్దున్నే పాత కట్టడాలు తెలిసిన ఇంజనీరమ్మ ఒకామె వచ్చింది. చిన్నవయసు. కప్పు కింద దుంగలు నిలబెట్టించి, గాలి పరీక్ష చేయించి, తనే ముందు దిగి చూసి వచ్చింది. తర్వాత నా సంగతి కోమలమ్మను అడిగి నా దగ్గరికొచ్చి, పది నిమిషాలు లోపలికి పోవచ్చని, హెల్మెట్టు పెట్టుకోవాలని ఆమె చేత చెప్పించింది. అప్పన్నను కూడా రమ్మంది.

"నేనూ వస్తా" అంది రత్నం. నాకు ఆశ్చర్యమేసింది. మా ఇంట్లో నీళ్ల ట్యాంకులోకి తొంగిచూడటానికి కూడా ఆమెకు భయం.

దిగాం. ఇంజనీరమ్మ టార్చి వేసింది.

గది పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు ఉంటుంది. కప్పు ఈ గోడ నుంచి ఆ గోడకు ఒకే వంపులో ఉంది. గోడల సున్నం కోడిగుడ్డు పెంకులా తెల్లగా, నున్నగా, ఎక్కడా చెమ్మ లేకుండా ఉంది. బయట అంత వాన కురిసి, అంత సముద్రం గుద్దుకుంటుంటే, ఇక్కడ వేలితో రాస్తే పొడి. నేల మీద పుచ్చిపోయిన చెక్కలున్నాయి. ఒక మేకు చేతిలోకి తీసుకున్నాను, కిలుం పట్టి పచ్చగా ఉంది. రాగిది. గదంతా వెతికాను, ఇనుప మేకు ఒక్కటి లేదు. ఇనుము రాతికి తగిలితే నిప్పురవ్వ లేస్తుంది. రాగికి లేవదు. గాలి వచ్చే బెజ్జాలు తిన్నగా లేవు, గోడలోనే రెండు మలుపులు తిరిగి ఉన్నాయి. బయటి నిప్పురవ్వ లోపల పడకుండా.

చివరి గోడలో చిన్న గూడు ఉంది. గూటికి వెనక గోడ లేదు, అవతల మనిషి పక్కకు తిరిగి నడిచేంత సన్నటి దారి ఉంది.

"ఇదేంది, గూడు అటూ ఇటూ తెరుచుకుని ఉంది?" అంది రత్నం.

నేను అంచులు తడిమి చూశాను. అద్దం కూర్చోబెట్టిన గాడి దొరికింది. "ఇది దీపం గూడు. దీపం ఈ గదిలోకి రాకూడదు. ఒకడు అటుపక్క దారిలో వచ్చి దీపం అటువైపే పెట్టేవాడు. నడుమ అద్దం. ఆ వెలుతురులో వీళ్లు ఇక్కడ మందు ఎత్తేవాళ్లు. చూడు, మసి అటువైపే ఉంది. ఇటువైపు చుక్క లేదు."

అప్పన్న లోపలికి వంగి ఆ మసిని చూశాడు. "ఎంత బయపడి కట్టినారు బాబూ" అన్నాడు.

అంతే. అంతకంటే బాగా నేను చెప్పలేను. పైన సముద్రమంతా తిరిగే ఫిరంగి, దొరల దర్పం, ఓడలు. వాటి కింద, నేలలో, ఒట్టి కాళ్లతో నడిచిన కూలివాళ్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని మెలిగిన గది. కోటగోడ చూసి నోరు తెరిచాను, రాతి వంపు చూసి ఒళ్లు జలదరించింది. ఇక్కడ మాత్రం నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. పెట్టాను. ఎవరికని అడిగితే చెప్పలేను.

వెనక్కి తిరిగి చూస్తే రత్నం గోడను కాదు, నన్ను చూస్తోంది.

"క్వారీలో నువ్వు మందు తెచ్చే గది ఇట్టాగే ఉండేదా?"

"ఇంత బాగుండదు. సిమెంటు గది."

"చెప్పులు బయట విడిచేవాడివా?"

"విడవాలి. అగ్గిపెట్టె, ఫోను అన్నీ బయటే. నైలాను బట్టలు కూడా వేసుకోకూడదు, ఒంటికి రాసుకుని నిప్పు పుడుతుంది."

"నేను కొన్న టెర్లిను చొక్కాలు అందుకా పనికి వేసుకునేవాడివి కాదు?" అంది. "రంగు నచ్చలేదేమోనని ఎన్నేళ్లు తిట్టుకున్నానో."

టార్చి వెలుగులో ఆమె కళ్లు మెరిశాయి. ఇంజనీరమ్మ టైమయిందని సైగ చేసింది.

ఆ గది ఇప్పుడు మీరు పోయి చూడలేరు. మేము వచ్చేశాక దాన్ని జాగ్రత్తగా మూసేశారట. కాలువను ఆరడుగులు పక్కకు జరిపి తవ్వారట. పడిపోయినచోట ఇటుక కట్టే పని అప్పన్నకే ఇచ్చారు. ఫోను చేసి, "పాతోళ్లలాగే నిలబెట్టే కట్టినాను బాబూ" అని చెప్పాడు. కొత్త గునపం కొనిచ్చారా అంటే, సూపర్వైజరే తెచ్చిచ్చాడని చెప్పాడు. పైన రాళ్లు మాత్రం ఉన్నాయి. ఎండ బాగున్న రోజు పోతే అప్పడాలు జరిపి చూపిస్తారు.

తిరుగు రైలు

కోమలమ్మ స్టేషనుదాకా వచ్చింది. పులిహోర పొట్లం, మురుకులు ఇచ్చి, "టి. నగర్ చూడకుండానే పోతా ఉండారే" అంది. రత్నం ఆమె చేయి పట్టుకుని, "వదినా, చూడాల్సింది చూశాం" అంది. మా ఇద్దరికీ ఆమె రెండురోజుల కింద ఎవరో తెలియదు.

రైలు ఊరు దాటేదాకా రత్నం కిటికీలోంచి బయటికే చూసింది. నాకు ఎడమ పక్కనే కూర్చుంది. గుమ్మిడిపూండి దాటాక అడిగింది.

"వారానికి ఎన్నిసార్లు పొయ్యేవాడివి ఆ గదిలోకి?"

"మూడుసార్లు. పని ఎక్కువుంటే నాలుగు."

"ఇరవై తొమ్మిదేళ్లు."

"ఊఁ."

"నాకొక్కసారన్నా చెప్పలేదే."

"చెబితే పోనిచ్చేదానివా?"

ఆమె ఆలోచించింది. ఆ రోజుల్లో మాకు ఇంకో పని లేదని, ఇంకో దారి లేదని ఆమెకూ తెలుసు. అయినా నిజమే చెప్పింది.

"పోనిచ్చేదాన్ని కాదు" అంది.

పొట్లం విప్పి పులిహోర నా చేతిలో పెట్టింది. తిన్నాక నా చేయి తన ఒళ్లోకి తీసుకుంది. సూళ్లూరుపేట వచ్చింది, గూడూరు వచ్చింది, నెల్లూరులో జనం తోసుకుంటూ ఎక్కారు. ఒంగోలు దిగేదాకా ఆ చేయి వదల్లేదు.